సగం పులి

గేట్ బజార్, బరంపురం
9 జనవరి 2025

పుణ్యవతి అప్పకి తమ్ముడు జగ్గన్న దండాలు.

ముందు అక్షరాలు చూడు, తర్వాత చదువు. ఇది సిరా పోసే కలంతో రాస్తున్నాను. పాళీ కాస్త వాల్చి పట్టుకుంటే గీత సన్నబడుతుంది, నొక్కితే లావవుతుంది. ఈ సంగతి తెలియకుండా యాభై నాలుగేళ్ళు బతికేశానే అని బాధగా ఉంది. మూడు రంగుల సిరాలు తెప్పించాను, నేరేడుపండు రంగుది ఇంకొకటి దారిలో ఉంది. మన శ్రీనుగాడు నన్ను గల్లా దగ్గర్నుంచి లేపి, "నాన్నా, దుకాణం నేను సూసుకుంటాను, నువ్వు రెస్టు తీసుకో" అన్నాక మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలి కదా.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. నువ్వు ఎత్తితే కదా. అసిరయ్య బావ పోయి ఏడాది దాటింది, సంవత్సరీకం కూడా అయిపోయింది. అయినా నువ్వు పురుషోత్తంపూర్‌లో ఆ ఇంటి గడప దాటడం లేదని అటునుంచి వచ్చిన ప్రతివాళ్ళూ చెబుతున్నారు. ఎప్పుడైనా ఫోన్ ఎత్తినా "ఊఁ, తిన్నాను" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే అలా పెట్టెయ్యలేవు.

అసలు సంగతికొస్తాను. ఈ ఏప్రిల్‌లో ఠాకురాణి యాత్ర. రెండేళ్ళకోసారి అమ్మవారే పుట్టింటికి వస్తుంటే, మా ఇంటి ఆడపడుచు రాకపోవడం ఏం మర్యాద? వచ్చి పది రోజులు ఉండు. నిన్ను రమ్మనడానికే ఇంత సిరా ఖర్చు చేస్తున్నాను.

ఈ ఉత్తరం తెచ్చిన బస్సు మీదే నా రేసు సైకిలు కూడా వస్తుంది, దింపించుకో. మీ మరదలు అరుణ చట్టం నీకు తెలిసిందే. "కొత్త సామాను ఇంటిలోకి రావాలంటే పాత సామాను ఎల్లాల" అంటుంది. కలాలు వచ్చాయి కాబట్టి సైకిలు నీ దగ్గరికి వెళ్తోంది.

నీ తమ్ముడు
జగ్గన్న


పురుషోత్తంపూర్
18 జనవరి 2025

జగ్గూకి అప్ప ఆశీస్సులు.

అక్షరాలు చూశాను. మొదటి పేజీ పెళ్ళి శుభలేఖలా ఉంది. రెండో పేజీకి నీకు విసుగు పుట్టినట్టుంది, అక్కడినుంచి నాన్న ఉప్పు బస్తాల మీద రాసే రాతే.

సైకిలు చేరింది. దాని సీటు చూసి నేనూ, పక్కింటి తవిటమ్మా చాలాసేపు ఆలోచించాం, దాని మీద నీలాంటి మనిషి ఎలా కూర్చున్నాడా అని. ప్రస్తుతం దుప్పట్లు ఆరేస్తున్నాను. నువ్వు ఇదివరకు పంపిన సామాను కూడా ఊరికే లేదు. చేపల గాజుతొట్టిలో వడియాలు ఎండబెడుతున్నాను, కాకులు చుట్టూ నిలబడి చూసి పోతున్నాయి. హార్మోనియం మీద తవిటమ్మ కోడి పొదుగుతోంది. చుక్కలు చూడమని పంపిన గొట్టాన్ని తవిటమ్మే పట్టుకెళ్ళింది. తన బీరపాదు మీద కాయలు ఎవరు కోస్తున్నారో దానితో కనిపెట్టింది. వాళ్ళాయనే.

మీ బావ ఉన్నప్పుడు నీ పార్సిలు వస్తే పండగ చేసుకునేవాడు. "మీ తమ్ముడికి మొదలే గానీ కొస నేదే" అని ఒకటే నవ్వు. ఇప్పుడు పార్సిలు విప్పుతుంటే ఆ నవ్వు వినబడదు. అది నాకు కష్టంగా ఉంటుంది. అయినా పంపు, మానకు.

యాత్రకి మాత్రం రాను. వీధిలోకి అడుగు పెడితే అందరూ నన్ను ఎండిపోయిన మొక్కని చూసినట్టు చూస్తారు. "తిన్నావా అమ్మా" అంటారు. తిండి తప్ప నాకింకేమీ మిగల్లేదన్నట్టు. ఆ జాలి నాకు పడదు.

నువ్వు మళ్ళీ మళ్ళీ అడుగుతావని తెలుసు గనక ఒక మాట ఇస్తున్నాను. నువ్వు మొదలెట్టిన పని ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, చివరికంటా చేసి చూపించు. ఆ రోజు బరంపురం వస్తాను. ఈ మాట ఇచ్చి హాయిగా ఉన్నాను, ఎందుకంటే నిన్ను పెంచింది నేనే.

అప్ప
పుణ్యవతి


గేట్ బజార్
16 ఫిబ్రవరి 2025

అప్పకి,

బాల్ పెన్నుతో రాస్తున్నానని నవ్వకు. సిరా చొక్కా జేబులో కారింది. అదీగాక ఆ కలాల వల్ల నా ఆలోచన వేగం తగ్గుతోంది.

మధ్యలో కొన్నాళ్ళు పుట్టగొడుగులు పెంచాను. వరిగడ్డి, చీకటి, తేమ ఉంటే చాలన్నారు. ఆ మూడూ కలిసి దొరికే చోటు మా ఇంట్లో మంచం కిందే. పుట్టగొడుగులు రాలేదు గానీ జెర్రి ఒకటి వచ్చింది. అరుణ గడ్డి కట్టలన్నీ నెత్తిన పెట్టుకెళ్ళి వీధి ఆవుకి వేసేసింది.

అయితే అప్పా, ఇప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఫోన్‌లో ఒక పెద్దమనిషి చెబుతుంటే విన్నాను. పదేళ్ళ వయసులో మనిషి దేని కోసం తిండి మానేశాడో అదే అతని అసలు ఇష్టం అట. తర్వాత పట్టుకుని వదిలేసినవన్నీ దాన్ని వెతుక్కుంటూ చేసిన తిరుగుళ్ళట. వినగానే నా జీవితం నాకు అర్థమైపోయింది. సైకిలు తప్పు కాదు, హార్మోనియం తప్పు కాదు. నేను తప్పు చోట వెతికాను.

మన పెరట్లో నేను కట్టిన పులి వేషం గుర్తుందా? ఒళ్ళంతా పసుపు, దాని మీద మసి చారలు, వెనక నాన్న పంచెతో కుట్టిన తోక. డబ్బా దరువు మొదలైతే నేను నేల మీద వంగి, ఒక్కసారిగా తిరిగి, ఎగిరి దూకేవాడిని. వీధి పిల్లలందరూ గోడెక్కి చూసేవారు. ఆ దూకుడు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది, కొంచెం లోపలికి వెళ్ళిందంతే.

అంచేత ఈ యాత్రలో పులి వేషం కడుతున్నాను. హరిచందన అని, వయసు మీద పడినా ఇప్పటికీ పిల్లిలా నడుస్తాడు, పులి ఆట నేర్పే ఆయన అఖాడాలో చేరాను. రోజూ సాయంత్రం సాధన. ఇది మాత్రం చివరికంటా చేస్తాను, నువ్వు బట్టలు సర్దుకో.

జగ్గన్న


పురుషోత్తంపూర్
22 ఫిబ్రవరి 2025

ఒరే జగ్గూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిజం చెప్పు. ఎవరికి బాగాలేదు?

యాత్రలో వేషం ఊరికే ఎవరు కడతారురా? ప్రాణం మీదికొస్తే అమ్మవారికి మొక్కుకుని, గట్టెక్కాక కదా కడతారు. జబ్బుపడి లేచినవాళ్ళయినా కట్టాలి, వాళ్ళ కోసం మొక్కుకున్నవాళ్ళయినా కట్టాలి. అందులోనూ పులి. చిన్న జ్వరానికి ఎవరూ పులి దాకా వెళ్ళరు. ఇంత పెద్ద మొక్కు మొక్కి, నా దగ్గర పుట్టగొడుగుల కథలు చెబుతున్నావు. నన్ను కంగారు పెట్టకూడదని కదా?

నీకా, అరుణకా? నీకైతే ఆ పొట్ట సంగతేనని నా అనుమానం. అరుణకైతే, పోయిన దసరాకి పంపిన ఫోటోలో మొహం పాలిపోయి ఉందని నేను అప్పుడే అనుకున్నాను. మీ బావ కూడా ఇలాగే చివరిదాకా ఏమీ లేదు, గ్యాస్ అన్నాడు. నాకు ఆ మాట మళ్ళీ వినే ఓపిక లేదు.

ఛత్రపూర్‌లో కాసులు చిన్నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. అవును, నేనే చేశాను. ఆయన కోర్టులో గుమాస్తాగా చేసిన మనిషి, నిజం రాబట్టడం తెలుసు. వచ్చి చూస్తానన్నాడు. ఆయన దగ్గర దాచకు.

అప్ప


గేట్ బజార్
7 మార్చి 2025

అప్పకి,

ఎంత పని చేశావు. ఎవరికీ ఏమీ లేదు. అరుణ బండరాయిలా ఉంది, ఈ మాట ఆమె ఎదుటే రాస్తున్నాను.

కాసులు చిన్నాన్న కొబ్బరిబొండాల గెలతో దిగాడు. కాళ్ళు కడుక్కోకుండానే అరుణ కనురెప్పలు కిందికి లాగి చూసి, "రక్తం నేదమ్మా" అన్నాడు. తర్వాత నా నాలుక చూశాడు. ఏమీ లేదని ఎంత చెప్పినా, "ఏమీ నేదన్నోడికే అన్నీ ఉంటాయిరా, కోర్టులో ఎంతమందిని సూడనేదు" అని, భోజనం చేసి, వీలునామా రాసి పెట్టుకోమని నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు. పోతూ పోతూ గేట్ బజార్‌లో తెలిసినవాళ్ళందరికీ చెప్పాడు. ఇప్పుడు దుకాణానికి పంచదార కోసం వచ్చినవాళ్ళు కూడా శ్రీను భుజం తట్టి వెళ్తున్నారు. అరుణ వీధి గుమ్మంలో నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పింది: "నాకు ఏ రోగమూ నేదు. ఉన్నదల్లా ఈ మనిషే."

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. హరిచందన కూడా నీలాగే అనుకున్నాడు. మొదటి రోజే, "అయ్యా, మొక్కెవరికోసం?" అని అడిగాడు. సరదాకి అంటే గెంటేస్తాడేమోనని "ఇంటిలోవోల కోసం" అనేశాను. వెంటనే అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టించి, నా చేతికి పసుపుతాడు కట్టేశాడు. "ఇంక ఈ తాడు వేషం కట్టి ఆడినాకే ఇప్పాల" అన్నాడు. సైకిలు వదిలేస్తే సైకిలు ఏమీ అనదు. అమ్మవారిని వదిలేస్తే ఏమవుతుందో చెప్పే ధైర్యం ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. ఏ జబ్బూ లేకుండా మొక్కులో ఇరుక్కున్న మొదటి మగాణ్ణి నేనే అనుకుంటాను.

అయినా భయం లేదు. చిన్నప్పుడు వీధిలో మొదటి పులిని నేనే కదా, ఒళ్ళు అదే గుర్తు తెచ్చుకుంటుంది. హరిచందన మాత్రం, "వంగమంటే కూకుంటన్నారేటండీ" అంటున్నాడు.

జగ్గన్న


పురుషోత్తంపూర్
13 మార్చి 2025

జగ్గూకి,

మీరంతా బాగున్నారని తెలిసి దేవుడికి దీపం పెట్టాను. చిన్నాన్నని పంపినందుకు ఏమీ అనుకోవద్దని అరుణకి చెప్పు. కొబ్బరిబొండాలు ఎలాగూ మంచివే.

ఇంక ఒక సంగతి. పోయిన నెల ఉత్తరంలో చదివినప్పుడు కంగారులో వదిలేశాను. రెండోసారి కూడా రాశావు గనక చెప్పక తప్పడం లేదు. మన పెరట్లో పులివి నువ్వు కాదు. నేను.

పసుపు రాసుకున్నది నా ఒంటికి. దీపం మసిలో నువ్వులనూనె కలిపి అమ్మ చారలు గీసింది నా చేతులకి. తోక కోసం నాన్న పంచె దొంగిలించి దెబ్బలు తిన్నదీ నేనే. నువ్వు అప్పుడు అమ్మ కొంగు వెనక ఉండేవాడివి. పులిని చూస్తే నీకు ఏడుపు. చేతికి పని ఉంటే ఏడుపు మరిచిపోతావని అమ్మ నీకు పల్లీనూనె డబ్బా, రెండు పుల్లలు ఇచ్చింది. దరువు మాత్రం బాగా వేసేవాడివి, అది ఒప్పుకుంటాను. నీ డబ్బా ఆగితే నా కాలు ఆగిపోయేది.

గోడెక్కిన పిల్లలు చూసింది నన్ను. కాసులు చిన్నాన్న అప్పట్లో కుర్రాడు, నేను దూకితే వెనక్కి పడి మోచెయ్యి గీరుకున్నాడు. ఆ మచ్చ చూపించమని అడుగు.

నాకు పన్నెండో ఏడు వచ్చాక నాయనమ్మ ఒకరోజు, "ఎదిగిన ఆడపిల్లకి తోకేటే" అని, దాన్ని తీసుకెళ్ళి నీళ్ళ పొయ్యిలో పెట్టింది. ఆ పూట నీళ్ళు తొందరగా కాగాయి. ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు. పెళ్ళయింది, ఇల్లయింది, మీ బావే లోకమయ్యాడు. ఆయనతో కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు ఆలోచిస్తుంటే బాధేస్తోంది, విని ఎంత సంబరపడేవాడో.

నీ మీద కోపం లేదు. రోజూ కళ్ళముందు అంత దగ్గరగా చూసింది తనదే అనిపించి ఉంటుంది నీకు. నా దగ్గరున్న ఇత్తడి బిందె అడిగితే ఇస్తాను, మెడలో గొలుసైనా ఇస్తాను. నా పులిని మాత్రం నీదని రాయకు.

అప్ప


గేట్ బజార్
29 మార్చి 2025

అప్పకి,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా క్షమించు. మొన్న సాయంత్రం హరిచందన దూకమన్నాడు. దూకాను. పైకి వెళ్ళింది పులే, కిందికి వచ్చింది మాత్రం కిరాణా వ్యాపారి. నడుం పట్టేసింది. నలుగురు మోసుకొచ్చి మంచం మీద వేశారు. ఇప్పుడు నిజంగానే జబ్బు మనిషి దొరికాడని వీధంతా ఊపిరి పీల్చుకుంది. కాసులు చిన్నాన్న మళ్ళీ కొబ్బరిబొండాలతో వచ్చాడు. మచ్చ చూపించమంటే చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

నీ ఉత్తరం మీద చాలా కోపమొచ్చింది, నాలుగు రోజులు నిన్ను మనసులో తిట్టుకున్నాను. తర్వాత ఇలా పడుకుని ఉండగా నా చేతులు వాటంతట అవే మంచంపట్టె మీద ఒక దరువు మొదలెట్టాయి. ఆగకుండా వేశాయి. హరిచందన నేర్పిన అడుగు ఒక్కటీ నా ఒంటికి పట్టలేదు, ఆ దరువు మాత్రం ఒక్క దెబ్బ తప్పలేదు. అరుణ వంటింట్లోంచి వచ్చి విని, "ఇదేదో మీకొచ్చినట్టే ఉంది" అంది. ఇన్నేళ్ళలో నా వ్యాపకాల గురించి ఆమె అన్న మంచి మాట ఇదొక్కటే. నువ్వు చెప్పిందే నిజం అప్పా. పులిని నేను కాదు.

పందెం కూడా పోయింది. ఇదీ సగంలోనే ఆగింది. నువ్వు రానక్కర్లేదు. నిన్ను ఒక్కసారి ఆ గడప దాటించాలని చూశాను, నా చేత కాలేదు. ఏడుపొస్తోంది, నడుం నొప్పి వల్ల అని అందరికీ చెబుతున్నాను.

మొక్కు సంగతే తెగడం లేదు. నా తరఫున మన ఇంటి మనిషే ఎవరైనా కట్టొచ్చని హరిచందన అన్నాడు. శ్రీనుగాడు దుకాణం వదిలి రానంటున్నాడు. ఎప్పుడూ నవ్వే అరుణ దీనికి నవ్వడం లేదు. "మొక్కు తీరని తోలు ఇంటిలో ఉండకూడదు, ముందు పంపీండి" అని పులి చొక్కా, లాగూ, మొహం, తోక అన్నీ మూట కట్టించింది. రేపటి బస్సుకి నీ దగ్గరికి వస్తాయి. హార్మోనియం పక్కన ఎక్కడైనా పెట్టు.

జగ్గన్న


పురుషోత్తంపూర్
2 ఏప్రిల్ 2025

జగ్గూకి ఆశీస్సులు.

మూట అందింది. హార్మోనియం పక్కన చోటు లేదు, కోడి లేపిన పిల్లలు ఇంకా అక్కడే తిరుగుతున్నాయి.

మూట విప్పకుండా ఒక పూట ఉంచాను. తర్వాత విప్పాను. నీ కొలతకి కుట్టిన నడుములో నేనూ తవిటమ్మా ఇద్దరం పడతాం. లోపలికి మడిచి కుట్టేశాను. చొక్కా చేతులు నిండుగా ఉన్నాయి, చీర కట్టు మీద వేసుకోవచ్చు. తలుపులు వేసి తోక కట్టుకుని చూశాను. పెరట్లోకి వెళ్ళి ఒక అడుగు వేశాను. మోకాలు కలుక్కుమంది. రెండోది వేశాను. అటుపక్కనుంచి తవిటమ్మ ఆ గొట్టంలోంచి చూసి, "ఓలమ్మ, పుణ్యమ్మకి పూనకమొచ్చినాది" అని పరుగున వచ్చింది. వచ్చి చాలాసేపు కూర్చుని చూసింది. పోయేటప్పుడు తిన్నావా అని అడగలేదు. రేపు కూడా ఆడతావా అని అడిగింది.

మొగుడు పోయిన మనిషి పులి వేషం కట్టడమేమిటని అంటారు. కాసులు చిన్నాన్న అందరికంటే ముందు అంటాడు. అననీ. అమ్మవారి వీధిలో నన్నాపేది అమ్మవారొక్కతే. నేను ఎగిరి దూకలేనులే, ఆ వయసు లేదు. వంగి నడుస్తాను, తిరుగుతాను. ముసలి పులి కూడా పులే అని హరిచందనకి చెప్పు. నువ్వు కుర్చీలో కూర్చుని డప్పు వాయించు, నడుం కదపకుండా చేతులు కదిపితే చాలు. వేరే ఎవరి దరువుకీ నా కాలు లేవదు.

పందెం నువ్వు ఓడిపోయావు. అది మాఫీ చేసి వస్తున్నాను అనుకోకు, ఇంకో పదేళ్ళు దెప్పుతాను.

వాళ్ళు మళ్ళీ అడుగుతారు, ఈ మొక్కు ఎవరి కోసం అని. ఈసారి అబద్ధం చెప్పకు. మా అప్ప ఏడాదికి పైగా ఇంట్లోంచి బయటికి రాలేనంత జబ్బుగా ఉంది, ఇప్పుడు లేచింది, తన మొక్కు తనే తీర్చుకుంటోంది అని చెప్పు. శుక్రవారం మొదటి బస్సుకి వస్తున్నాను.

అప్ప
పుణ్యవతి